టవర్ దిగి వీధిలోకొచ్చిన యాంటెన్నా

విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్‌లో బస్సు దిగగానే ముందు కనిపించేవి థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, ఆ తర్వాత కొండపల్లి కొండలు. హైదరాబాద్ హైవే ఒక పక్కకి, తిరువూరు మీదుగా జగదల్‌పూర్ పోయే రోడ్డు ఇంకో పక్కకి చీలిపోతాయి. ఇలాంటి ఏ సెంటర్‌లోనైనా మేడల మీద ఇనుప స్తంభాలు లేచి ఉంటాయి గానీ, వాటివైపు తలెత్తి చూసేవాళ్లు తక్కువ. చూస్తే రెండు రకాల పెట్టెలు కనిపిస్తాయి. పొడుగ్గా, సన్నగా మనిషెత్తున ఉన్నవి పాతవి. పొట్టిగా, వెడల్పుగా, వీపు నిండా అల్యూమినియం రెక్కలతో ఉన్నది కొత్తది. ఈ వ్యాసం ఆ పొట్టి పెట్టె గురించి.

దాని వీపున ఆ రెక్కలు ఎందుకంటే వేడి బయటికి పోవడానికి. పాత పెట్టెలో ఉండేది ఉత్త యాంటెన్నాయే. సంకేతాన్ని పెంచే యంత్రాలు వేరేగా ఉండేవి, అక్కణ్ణుంచి లావుపాటి కేబుళ్లు పైకి పాకేవి. కొత్తదాంట్లో యాంటెన్నా, రేడియో, కంప్యూటరు అన్నీ ఒకే చోట ఉన్నాయి. కిందినుంచి దానికి వచ్చేది ఒక కరెంటు తీగ, వెంట్రుకంత గాజుదారం ఉన్న ఫైబర్ కేబుల్. అంతే. మూత తీస్తే లోపల వరసకి ఎనిమిది చొప్పున పన్నెండు వరసల్లో చిన్నచిన్న లోహపు ముక్కలు. ఒక్కో చోట రెండేసి, మొత్తం 192. వాటిని నడపడానికి 64 ప్రసార మార్గాలు, 64 గ్రహణ మార్గాలు. మన దేశంలో 5జీకి ఎక్కువగా వాడే 3.3 నుంచి 3.67 గిగాహెర్ట్జ్ బ్యాండులో తరంగం పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్ల చిల్లర. అందులో సగం దూరం, అంటే నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు ఎడం పెట్టి ఈ ముక్కలను పేర్చుతారు.

ఇక్కడి ఫెర్రీ ఘాట్ మెట్ల మీద నిలబడి నలుగురు ఒకేసారి నాలుగు రాళ్లు కృష్ణలో వేస్తే అలలు కొన్నిచోట్ల కలిసి ఎత్తుగా లేస్తాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుని నీరు కదలకుండా ఉంటుంది. రాళ్లు వేసే క్షణాన్ని కాస్త అటూ ఇటూ మార్చితే ఎత్తుగా లేచే చోటు కూడా మారుతుంది. ఈ పెట్టె చేసే పని అదే. ఒక్కో మార్గంలో సంకేతాన్ని సెకనులో వంద కోట్లో వంతు కూడా లేని తేడాలతో పంపి, శక్తినంతా ఫలానా ఫోను ఉన్న దిక్కుకి మళ్లిస్తుంది. వేరే దిక్కున ఉన్న ఇంకో ఫోనుకి అదే క్షణంలో, అదే ఫ్రీక్వెన్సీలో ఇంకో ధార పంపగలదు. ఎవరికి ఎంత ఇవ్వాలన్నది అర మిల్లీసెకనుకోసారి లెక్కవేసుకుంటుంది.

దీని తాతముత్తాతల కథ 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. ఊరంతటికీ ఒకే పెద్ద ట్రాన్స్‌మిటర్ పెట్టే బదులు, ఊరిని ఆరుకోణాల గదులుగా విడగొట్టి, గదికొక చిన్న ట్రాన్స్‌మిటర్ పెడితే అదే ఫ్రీక్వెన్సీని దూరపు గదుల్లో మళ్లీ వాడుకోవచ్చని డగ్లస్ రింగ్ అనే ఇంజినీరు ఒక మెమోలో రాశాడు. ఆ ఆలోచన వ్యాపారంగా మారడానికి 1979 దాకా, జపాన్ దాకా ఆగాల్సొచ్చింది. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. జ్యోతి బసు చేస్తే సుఖ్‌రామ్ ఎత్తారు. అప్పటికీ టవర్ మీది యాంటెన్నా అందరికీ వినపడేలా ఒకే మాట చెప్పే యంత్రమే.

దాన్ని మార్చిన ఆలోచన పుట్టింది మన పక్క రాష్ట్రంవాడి బుర్రలో. పొల్లాచ్చిలో పుట్టిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ నౌకాదళంలో అధికారి. జలాంతర్గాముల శబ్దం పట్టే అప్సో సోనార్‌ను కొచ్చిలో తయారుచేయించినవాడు. సముద్రంలో వేర్వేరు దిక్కులనుంచి కలగలిసి వచ్చే శబ్దాల్లోంచి ఏది ఎటునుంచి వచ్చిందో విడదీయడం అక్కడ ఆయన పని. నౌకాదళం వదిలి స్టాన్‌ఫర్డ్ చేరాక అదే విద్యను తిరగేశాడు. పంపేచోట అనేక యాంటెన్నాలు, అందుకునేచోట అనేక యాంటెన్నాలు పెడితే ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకేసారి అనేక ధారలు పంపొచ్చని 1992లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1994లో అది చేతికొచ్చింది. మైమో అని ఇప్పుడు అందరూ పిలిచే పద్ధతి అదే. గోడలకు, కొండలకు తగిలి చెదిరిపోయే తరంగాలు అప్పటిదాకా ఇంజినీర్లకు తలనొప్పి. పాల్‌రాజ్ పద్ధతిలో ఆ చెదరడమే పనికొచ్చింది, ఎందుకంటే దారులు ఎన్ని ఎక్కువైతే ధారలను అంత తేలిగ్గా విడదీయొచ్చు. మొదట్లో చాలామంది నమ్మలేదు. తర్వాత వైఫైలో, 4జీలో అది లేకుండా పని జరగలేదు. 2010లో బెల్ ల్యాబ్స్‌లోనే థామస్ మార్జెట్టా యాంటెన్నాల సంఖ్యను పదుల్లోంచి వందల్లోకి పెంచితే ఏమవుతుందో లెక్కగట్టి చూపించాడు. రింగ్ సెంటర్ మేడ మీది పెట్టె ఆ లెక్కకు పుట్టిన బిడ్డ.

పాల్‌రాజ్ కథ అక్కడితో ఆగలేదు. 2017లో మన ప్రభుత్వం 5జీకి దారి వేయడానికి ఒక ఉన్నతస్థాయి వేదిక పెట్టి, దాని స్టీరింగ్ కమిటీకి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేసింది. 2018 ఆగస్టులో నివేదిక వచ్చింది. పద్ధతిని కనిపెట్టినవాడే దాన్ని దేశంలోకి తెచ్చే విధానం కూడా రాయడం అరుదైన సంగతి.

అదే కాలంలో మన తెలుగు నేల మీద ఇంకో ప్రయత్నం జరిగింది. ఐఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్ కిరణ్ కుచి బృందం పట్టుకున్న సమస్య చాలా సూటిగా ఉంటుంది. టవర్‌కి బలం ఉంది, ఫోనుకి లేదు. ఫోను పంపగలిగే శక్తి ఒక వాటులో అయిదో వంతు. పల్లెలో టవర్ మాట ఫోనుకి వినపడుతుంది, ఫోను మాట టవర్‌కి వినపడదు. గీతలు నిండుగా కనపడుతున్నా వీడియో కాల్ కదలకపోవడానికి ఒక కారణం ఇదే. మామూలు పద్ధతిలో సంకేతం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి, ఆ ఎగుళ్లు చెడిపోకుండా ఫోను తన శక్తిని తగ్గించుకుని పంపాలి. సంకేతాన్ని నునుపుగా చేస్తే ఉన్న శక్తినంతా వాడుకోవచ్చన్నది ఐఐటీ హైదరాబాద్ వారి కిటుకు. దీనికి జతగా మన ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్‌ఐ, అంతర్జాతీయ సంస్థ ఐటీయూ దగ్గర ఒక సంగతి ఒప్పించింది. పల్లె అంటే పాశ్చాత్య లెక్కల్లో టవర్ల మధ్య 1,732 మీటర్ల దూరం. మన పల్లెకి అది చాలదు, ఫైబర్ పంచాయతీ దాకే వస్తుంది, చుట్టుపక్కల ఊళ్లకు అక్కణ్ణుంచే సిగ్నల్ అందాలి, కాబట్టి 6,000 మీటర్ల దూరంతో కూడా పరీక్షించాలి అని పట్టుబట్టింది. ఐటీయూ ఒప్పుకుంది. 2021లో ఐటీయూ ఆమోదించిన 5జీ ప్రమాణాల్లో 5జీఐ పేరుతో మన దేశపుది కూడా చోటు చేసుకుంది.

ఆ తర్వాత గొడవ. దేశానికి వేరే ప్రమాణమంటే ఫోన్లు వేరు, పరికరాలు వేరు, ఖర్చు పెరుగుతుంది, విదేశాల నుంచి వచ్చినవాళ్ల ఫోన్లు ఇక్కడ పనిచేయవు అని టెలికాం కంపెనీలు అడ్డం తిరిగాయి. 2021 చివరికి రాజీ కుదిరింది. 5జీఐలోని మంచి అంశాలను ప్రపంచమంతా వాడే 3జీపీపీ ప్రమాణంలో కలిపేశారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయం. జెండా వేరుగా ఎగరకపోయినా ఆ పని లోపలికి చేరింది. కృష్ణా డెల్టాలో చేలమధ్య నిలబడి ఫోను పట్టుకునే రైతుకి అది చాలు.

ఇక 5జీ స్పెక్ట్రం వేలం. 2022 జులై 26న మొదలై ఏడు రోజులు, నలభై రౌండ్లు నడిచింది. రూ. 1,50,173 కోట్లు వచ్చాయి. అమ్మకానికి పెట్టిన 72,098 మెగాహెర్ట్జ్‌లో 51,236 అమ్ముడుపోయింది. జియో ఒక్కటే రూ. 88,078 కోట్లకు కొంది. అక్టోబర్ 1న ఢిల్లీలో ప్రధాని 5జీని ప్రారంభించారు. డిసెంబర్ 26న జియో 5జీ తిరుమల, విశాఖ, గుంటూరులతో పాటు విజయవాడకూ వచ్చింది.

అసలు చిక్కు ఇక్కణ్ణుంచే. తరంగం ఎంత పొట్టిదైతే అంత డేటా మోస్తుంది, అంత తక్కువ దూరం పోతుంది. 700 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 43 సెంటీమీటర్లు. అది గోడలు దాటి, కొండ అంచులు వంగి ఊళ్లోకి వస్తుంది. 26 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సెంటీమీటరు పైచిలుకు. అది కొన్ని వందల మీటర్లు దాటదు, చెట్టాకు అడ్డొచ్చినా నీరసపడుతుంది. కొండపల్లి కొండ నీడలో ఉన్న కాలనీకి ఆ వేగం కావాలంటే ఆ కాలనీలోనే పెట్టె ఉండాలి. టవర్ మీద ఉన్నది వీధిదీపం స్తంభం మీదికి, బస్‌షెల్టర్ మీదికి, కరెంటు స్తంభం మీదికి దిగిరావాలి. దాంతో అధికారం కూడా దిగొస్తుంది. స్పెక్ట్రం ఢిల్లీలో అమ్ముతారు. స్తంభం మాత్రం మునిసిపాలిటీదో, విద్యుత్ సంస్థదో.

కేంద్రం ఈ సంగతి ముందే పసిగట్టింది. 2022 ఆగస్టులో దారిహక్కు నిబంధనలు సవరించి, చిన్న పెట్టెలు వీధి స్తంభాల మీద పెట్టుకోవడానికి పట్నంలో స్తంభానికి ఏడాదికి రూ. 300, పల్లెలో రూ. 150 అని రేటు కట్టింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది, దాని కింద కొత్త దారిహక్కు నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చాయి. కాగితం మీద అంతా బాగుంది. కానీ కొండపల్లి మునిసిపాలిటీ లాంటి చిన్న పురపాలక సంఘంలో ఇంజినీరు దగ్గరికి దరఖాస్తు వచ్చినప్పుడు ఆయన అడగాల్సిన ప్రశ్నలకు ఆ కాగితంలో జవాబు తేలిగ్గా దొరకదు. ఈ స్తంభం ఆ బరువు మోస్తుందా? గాలివానకి పెట్టెతో సహా కూలితే బాధ్యత ఎవరిది? కరెంటు మీటరు ఎవరి పేరున? నలుగురు ఆపరేటర్లు నాలుగు పెట్టెలు పెడతామంటే ఒకే స్తంభం చాలుతుందా?

స్తంభాలను ఇలా వాడుకోవడం మన రాష్ట్రానికి కొత్త కాదు. ఏపీ ఫైబర్‌నెట్ కోసం భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే సుమారు 24,000 కిలోమీటర్ల ఫైబర్ లాగారు. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. త్వరగా, చవకగా అయింది. అయితే గాలికి ఊగే కేబుల్ తుఫానుకి తెగుతుంది, లారీ పైకప్పుకి తగులుతుంది. 5జీ పెట్టెకి ఫైబర్ తెగితే ప్రసార మార్గాలు 64 ఉన్నా, 640 ఉన్నా ఒకటే.

జనం భయం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఇంటి పక్కన పెట్టె పెడితే రేడియేషన్ అని అడ్డుకునేవాళ్లను వెక్కిరించడం తప్పు. వాళ్లడిగేది న్యాయమైన ప్రశ్న, జవాబు కూడా ఉంది. 2012 సెప్టెంబర్ నుంచి మన దేశంలో పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు. 5జీకి ఎక్కువగా వాడే 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండులో అది చదరపు మీటరుకి ఒక వాటు. ప్రభుత్వపు తరంగ్ సంచార్ పోర్టల్‌లో ఏ టవర్ ఆ పరిమితిలో ఉందో చూసుకోవచ్చు. ఆ వివరాన్ని తెలుగులో, పెట్టె ఉన్న స్తంభం మీదే అతికిస్తే సగం గొడవలు పుట్టవు.

ఇప్పుడు భద్రత. ఈ పెట్టెలో కంప్యూటరు కూడా ఉందన్నాను కదా. కంప్యూటరు కాబట్టి దాని సాఫ్ట్‌వేర్ దూరంనుంచి మార్చొచ్చు. మార్చగలిగేది తయారీదారు. ఆ తయారీదారు ఎవరు, ఏ దేశపు చట్టానికి లోబడి ఉన్నాడు అన్న ప్రశ్న అందుకే పుట్టింది. ఆస్ట్రేలియా 2018లో హువావే, జెడ్‌టీఈలను 5జీకి దూరం పెట్టింది. బ్రిటన్ 2027 చివరికల్లా హువావే 5జీ పరికరాలను పీకేయాలని 2020లో నిర్ణయించింది. మనవాళ్లు ఎవరి పేరూ ఎత్తలేదు. 2020 డిసెంబర్ 16న భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ ఒక ఆదేశం ఆమోదించింది, 2021 జూన్ 15 నుంచి అది అమలైంది. దాని ప్రకారం నమ్మదగినవిగా గుర్తించిన చోట్లనుంచే కొత్త పరికరాలు కొనాలి. ఆ గుర్తింపు ఇచ్చేది జాతీయ సైబర్ భద్రతా సమన్వయకర్త. 2021 మేలో 5జీ ప్రయోగాలకు అనుమతి వచ్చిన పేర్లలో ఎరిక్సన్, నోకియా, శాంసంగ్, సీ-డాట్ ఉన్నాయి, చైనా కంపెనీలు లేవు.

నేను ఈ విధానాన్ని సమర్థిస్తాను. అయితే కొన్నచోటు మంచిదైతే చాలనుకోవడం ప్రమాదం. గ్రీసులో 2004, 2005 మధ్య ప్రధానమంత్రితో సహా వందమందికి పైగా ప్రముఖుల ఫోన్లను గుర్తు తెలియనివాళ్లు నెలల తరబడి విన్నారు. అక్కడి ఎక్స్ఛేంజీలు ఎరిక్సన్‌వి, ఎవరూ అనుమానించని కంపెనీవి. పోలీసులు చట్టప్రకారం వినడానికి పెట్టిన సదుపాయాన్నే దొంగలు తమ సాఫ్ట్‌వేర్‌తో మేల్కొలిపారు. 2023 డిసెంబర్‌లో ఉక్రెయిన్‌లో అతిపెద్ద ఆపరేటర్ కీవ్‌స్టార్ మీద దాడి జరిగింది. రెండు కోట్ల పైచిలుకు చందాదారుల ఫోన్లు ఒక్క ఉదయంలో మూగబోయాయి. ఆ నష్టం జరిగింది టవర్ల మీద కాదు, లోపలి సర్వర్లలో.

ఇబ్రహీంపట్నానికి ఈ మాటలు దూరపు కబుర్లు కావు. ఇక్కడి నార్ల తాతారావు థర్మల్ స్టేషన్ మొదటి యూనిట్ 1979లో నడిచింది. 2023లో 800 మెగావాట్ల కొత్త యూనిట్ చేరాక మొత్తం సామర్థ్యం 2,560 మెగావాట్లు. ఇలాంటి కర్మాగారాలు తమ సొంత 5జీ నెట్‌వర్క్ పెట్టుకోవడానికి 2022 జూన్‌లో మార్గదర్శకాలు వచ్చాయి. బొగ్గు బెల్టుల మీద సెన్సర్లు, బాయిలర్ దగ్గర కెమెరాలు, మనిషి పోలేని చోట యంత్రాలు, అన్నిటికీ తీగల్లేని నెట్‌వర్క్ సౌకర్యమే. కానీ ఒక్కో సెన్సరూ లోపలికి ఒక్కో తలుపు. 2021 మార్చిలో తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కో వ్యవస్థల్లోకి చొరబడే ప్రయత్నం జరుగుతోందని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరిస్తే అనుమానాస్పద చిరునామాలను ఆపి, పాస్‌వర్డులు మార్చుకున్నారు. హెచ్చరిక సమయానికి వచ్చింది కాబట్టి సరిపోయింది. బాయిలర్ నడిపే నెట్‌వర్క్, ఉద్యోగులు వాట్సాప్ చూసుకునే నెట్‌వర్క్ ఎక్కడా కలవకూడదు. ఇది రాసి పెట్టుకోవాల్సిన నియమం.

మామూలు చందాదారుడికి 5జీ ఒక మంచి రక్షణ తెచ్చింది. పాత తరాల్లో ఫోను తన సిమ్ గుర్తింపు సంఖ్యను చాలాసార్లు గాలిలో బాహాటంగా చెప్పేది. దొంగ టవర్ పెట్టినవాడు దాన్ని పట్టేవాడు. 5జీలో ఆ సంఖ్యను ఆపరేటర్ తాళంచెవితో గుప్తీకరించి పంపే వీలుంది. ఐతే 5జీ రేడియో పెట్టి, లోపల పాత 4జీ వ్యవస్థనే నడిపే చోట ఈ రక్షణ పూర్తిగా అందదు. ఇంకో బొక్క కూడా ఉంది. దొంగ పరికరం బలమైన సిగ్నల్‌తో ఫోనుని 2జీకి దించగలదు. 2జీలో టవర్ తానెవరో ఫోనుకి రుజువు చేసుకోనక్కర్లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో 2జీని ఆపేసే మీట సెట్టింగ్స్‌లో ఉంది. మీ ప్రాంతంలో 2జీతో పని లేకపోతే ఆపేసుకోండి.

నాకు అన్నిటికన్నా పెద్ద భద్రతా ప్రశ్న 2024లో ఎదురైంది. ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగింది. వెలగలేరు నుంచి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసే డైవర్షన్ కాలువకి మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. విజయవాడ సింగ్‌నగర్‌లో మేడల మీద జనం. కరెంటు ఆపాల్సొచ్చింది. ఫోన్లలో ఛార్జింగ్ అయిపోయింది. డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు. అలాంటి వేళ టవర్ బతికుండేది బ్యాటరీల మీద, ఆ తర్వాత డీజిల్ మీద. డీజిల్ తెచ్చే బండికి దారి లేకపోతే కొన్ని గంటల్లో ఆ చుట్టుపక్కల సిగ్నల్ పోతుంది. 5జీ పెట్టె పాతదానికన్నా ఎక్కువ కరెంటు తాగుతుంది కాబట్టి ఆ గంటలు ఇంకా తగ్గుతాయి. స్తంభం మీది చిన్న పెట్టెకి చాలాచోట్ల బ్యాటరీయే ఉండదు. వీధి కరెంటు పోతే అదీ పోతుంది.

శత్రువు చొరబడటం ఎంత ప్రమాదమో, అవసరమైన గంటలో నెట్‌వర్క్ లేకపోవడం అంతే ప్రమాదం. మొదటిదానికి ఢిల్లీలో కమిటీలున్నాయి. రెండోదానికి ఊళ్లో అడిగేవాళ్లు ఉండాలి.

కాబట్టి కొండపల్లి, విజయవాడ పురపాలక అధికారులకు ఒక విన్నపం. స్తంభానికి రుసుము తీసుకుని సంతకం పెట్టే ముందు ఆపరేటర్‌ని కొన్ని సంగతులు రాసివ్వమనండి. కరెంటు పోతే ఎన్ని గంటలు నడుస్తుంది, వరదలో ఒక ఆపరేటర్ టవర్ పోతే మిగతావాళ్ల టవర్ మీద అతని చందాదారులు మాట్లాడుకునే ఏర్పాటు ఎంతసేపట్లో పెడతారు, వీధిలోని వైరింగ్ పెట్టెకి తాళం ఎవరి దగ్గరుంటుంది. ఆ వైరింగ్ పెట్టెను, బ్యాటరీని ఎక్కడ బిగించినా సరే, 2024 సెప్టెంబర్‌లో ఆ వీధి గోడ మీద నీరు వదిలివెళ్లిన గుర్తుకి పైనే బిగించమనండి.